దోమ సాక్ష్యం

దోమను కోర్టు బోనెక్కించిన ఘనత కాంతిమతిది. నిజం దోమ కాదు, దాని రొద మాత్రమే. అయినా జిల్లా కోర్టు గుమాస్తాలు మొదలుకొని ఎదురు టీ కొట్టు మనిషి దాకా అందరూ ఆమెను దోమల మేడం అనే పిలిచేవారు. ఆమె తన యంత్రానికి ముచ్చటపడి కర్ణసాక్షి అని పేరు పెట్టుకుంది గానీ, ఆ పేరు కాగితాల మీద తప్ప ఎవరి నోటా పలికింది లేదు. ఆమె వినీ విననట్టు ఊరుకునేది. వినకపోవడం ఆమెకి కొంత అలవాటే. చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చి కుడిచెవి పూర్తిగా పోయింది.

ఒక్క చెవితో బతికేవాళ్లకు మాట వినిపిస్తుంది, అది ఎటునుంచి వచ్చిందో తెలియదు. భర్త వంటింట్లోంచి పిలిస్తే కాంతిమతి వీధి గుమ్మం వైపు చూసేది. రోడ్డు మీద హారన్ మోగితే ఎటు తప్పుకోవాలో తోచక ఉన్నచోటే నిలబడిపోయేది. మిగతా జనం మాత్రం, చంటిపిల్లలతో సహా, చప్పుడు వినగానే సరిగ్గా అటే తల తిప్పుతారు. అదేమంత గొప్పా అని వాళ్లు అనుకుంటారు. ఆమెకి అంతకుమించిన వింత భూమ్మీద మరొకటి లేదు. ఆ వింతను చూస్తూ చూస్తూ ఉండగానే చదువు, ఉద్యోగం, యంత్రం అన్నీ వచ్చాయి.

తల్లి కడుపులో రెండో నెలలో, చెవి రావలసిన చోట ఆరు చిన్న బుడిపెలు లేస్తాయి. అవి నెమ్మదిగా ఒకదానిలో ఒకటి కలిసి, మడతలు పడి చెవి అవుతాయి. ఆ మడతలు ఎవరివి వాళ్లవే. బయటి శబ్దం వాటిమీద తగిలి, ఒరుసుకుని, కొద్దిగా వంగి లోపలికి పోతుంది. ఏ వంపు వస్తే శబ్దం పైనుంచి వచ్చినట్టు, ఏ వంపు వస్తే వెనకనుంచి వచ్చినట్టు అన్నది మెదడు ఉయ్యాల్లో ఉన్నప్పుడే నేర్చేసుకుంటుంది. అంటే మనిషి జీవితమంతా తన చెవి అనే ఒకే ఒక కిటికీలోంచి లోకాన్ని వింటాడు. పక్కవాడి కిటికీ అతనికి పనికిరాదు.

కాంతిమతి చేసిందల్లా ఆ కిటికీని ఊడదీసి బల్లమీద పెట్టడం. దొంగ లోపల అలికిడి ఉందో లేదో అని తలుపుకు చెవి ఆనిస్తాడు. తలనూనె, చెమట కలిసి తలుపు మీద చెవి అచ్చు పడుతుంది. ఆ అచ్చు చదును బొమ్మ. ఆమె యంత్రం దాన్ని లెక్కకట్టి, ఉబ్బించి, మెత్తని రబ్బరు చెవిగా పోతపోసి ఇస్తుంది. రెండో వైపుకి దాని అద్దంలో బొమ్మ. ఆ రెండు చెవుల్లో రెండు చిన్న మైకులు పెట్టి, చుట్టూ దోమ రొదను తిప్పి, రికార్డు చేసి, అనుమానితుడి చెవి రంధ్రాల్లో సన్నని తీగలు పెట్టి వినిపిస్తారు. చెవి అతనిది కాకపోతే దోమ బుర్ర లోపల ఎక్కడో నలిగినట్టు వినిపిస్తుంది. అతనిదే అయితే దోమ బయట ఎగురుతుంది. నుదుటి మీదికి వస్తుంది, మెడ వెనక్కి పోతుంది. చెయ్యి దానంతటదే లేస్తుంది.

మొదటిసారి ఇది పనిచేసిన రోజు ఆమె దగ్గర పనిచేసే ఫరూఖ్, తన చెవి నకలుతో తనే కళ్లకు గంతలు కట్టుకుని కూర్చున్నాడు. గుంటూరు కుర్రాడు, మహా నిదానస్తుడు. రొద మొదలైన కాసేపటికి తన చెంప తనే ఛెళ్లుమనిపించుకున్నాడు. గంతలు విప్పి చేతిలో చచ్చిన దోమ కోసం వెతుక్కున్నాడు. గదిలో దోమ లేదు. కాంతిమతి కూడా ఆ తీగ చెవిలో పెట్టుకుని వింది. ఎడమచెవిలో ఉత్త జుయ్యిమనే రొద, అంతే. దేవుడు ఈ వరం తనకి తప్ప అందరికీ ఇచ్చాడని కాసేపు కుళ్లుకుంది, తర్వాత నవ్వుకుంది.

కర్ణసాక్షి నాలుగు దొంగతనాల కేసుల్లో నేరస్థుల్ని పట్టించింది. ఐదోది దూదిపేట కేసు.

దూదిపేట విజయనగరం అవతల ఉన్న నేతగాళ్ల ఊరు. ఒక రాత్రి షావుకారు గున్నయ్య ఇంట్లో ఎవరో జొరబడ్డారు. ఆయన లేచి అరిచాడు. ఆయన తలమీద కొట్టి పారిపోయారు. తెల్లారేసరికి ఆయన పోయాడు. పెరటి తలుపు మీద ఎడమచెవి అచ్చు ఒక్కటే దొరికింది. ముందురోజు గున్నయ్య నేత బాగోలేదని ఒక చీరను సోమలింగం అనే నేతగాడి మొహాన విసిరికొట్టాడట. పోలీసులకు ఆ మాత్రం చాలు. సోమలింగాన్ని పట్టుకొచ్చి, కాంతిమతి పనిచేసే పోలీసు ప్రయోగశాలలో కూర్చోబెట్టారు.

ముప్పై ఏళ్లుంటాయేమో, సన్నగా పీలగా ఉన్నాడు. "నానెల్లనేదు బావూ," అని, తను షావుకారి ఇంటికి వెళ్లనే లేదని, దారిపొడవునా అంటూనే వచ్చాడట. కాంతిమతి అతని కళ్లకు తువ్వాలు కట్టించి, నెమ్మదిగా చెప్పింది. "నీకు దోమ రొద వినిపిస్తుంది. ఎక్కడుందనిపిస్తే అక్కడ కొట్టు. అంతే, ఇంకేం లేదు."

రొద మొదలైంది. సోమలింగం ఎడమ కణత మీద కొట్టుకున్నాడు. దోమ అక్కడే ఉంది. నెత్తిమీద కొట్టాడు. అక్కడే ఉంది. గడ్డం కింద, మెడ వెనక, భుజం మీద, వదలకుండా తరిమాడు. కంప్యూటరు తెరమీద దోమ జాడ చూపే ఎర్రచుక్క ఎటుపోతే అతని చెయ్యి అటు పోయింది. కాపలా వచ్చిన కానిస్టేబుల్ నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు. ఎన్నిసార్లు చూసినా కాంతిమతికి ఇది మామూలైపోలేదు. గుడ్డిగా కూర్చున్న మనిషి, లేని దోమను, ఉన్నచోటే కొడుతున్నాడు.

గంతలు విప్పాక అతను రబ్బరు చెవిని చూపించమన్నాడు. చేతిలోకి తీసుకుని వేలితో దాని మడతలన్నీ తడిమాడు. తర్వాత తన చెవి తడుముకున్నాడు.

"ఇది నాదేనమ్మా," అన్నాడు. "నా సెవి ఇక్కడికెలగొచ్చినాది?"

"గున్నయ్యగారి తలుపు మీద దొరికింది," అంది కాంతిమతి.

అతను చెవిని తిరిగి బల్లమీద పెట్టాడు. వెళ్లేముందు యంత్రానికి దండం పెట్టి వెళ్లాడు.

విచారణ నడిచింది. కాంతిమతి బోనులో నిలబడి, ఇలాంటి చెవి ఇంకొకరికి ఉండే అవకాశం ఎన్నో లక్షల్లో ఒక వంతు అని చెప్పింది. ఆ అంకె చెప్పడంలో ఆమెకి కొంచెం గర్వం కూడా ఉంది. జడ్జిగారు ముద్దాయి వైపు తిరిగి, నువ్వేం చెప్పుకుంటావని అడిగారు. సోమలింగం చేతులు జోడించాడు.

"మొదట నానెల్లనేదనే అనుకున్నాను బావూ. ఇప్పుడు నా సెవే సాచ్చికం సెప్పీసినాది. మనిసి అబద్దమాడతాడు గానీ సెవాడతాదా? నాను ఎల్లే ఉంతాను. నాకే గురుతు నేదు."

అతని తరఫు వకీలు నుదురు కొట్టుకున్నాడు. జడ్జిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, తీర్పు వాయిదా వేశారు.

ఇంటికి వచ్చాక కూడా ఆ మాట కాంతిమతిని వదల్లేదు. భర్త విశ్వం పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాడు, ఇంట్లో వంట చేస్తాడు. ఆమె మేనమామ కొడుకు. చిన్నప్పటినుంచీ బావా అని పిలిచిన అలవాటు పెళ్లయ్యాక కూడా పోలేదు. బీరకాయ చెక్కుతూ అంతా విన్నాడు.

"మనిషిని చావగొట్టి వచ్చి ఎవడైనా మర్చిపోతాడా కాంతీ?"

"తాగి ఉంటే?"

"తాగడని నువ్వే అన్నావుగా."

"యంత్రం తప్పు చెప్పదు బావా. వాడి చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదు."

"నేను యంత్రం సంగతి అడగలేదు. వాడి సంగతి అడిగాను," అన్నాడు విశ్వం. ఆమె చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది.

తీర్పు వారం ఉందనగా ఒక ఆడమనిషి ప్రయోగశాల గేటు దగ్గర కూర్చుంది. నేతచీర, ముక్కుకి రెండువైపులా పుడకలు. ఎవరు వెళ్లమన్నా కదల్లేదు. చివరికి ఫరూఖ్ లోపలికి తీసుకొచ్చాడు. పేరు పైడితల్లి. దూదిపేట నుంచి రెండు బస్సులు మారి వచ్చింది.

"ఆ సెవేదో ఓపాలి నాకూ సూపించండమ్మా," అంది. "సూసి ఎలిపోతాను."

"సోమలింగానికి మీరేమవుతారు?" అని అడిగాడు ఫరూఖ్, సందర్శకుల వివరం రాసుకుంటూ.

"అప్పనవుతాను. అత్తనవుతాను."

"ఏదో ఒకటి చెప్పండమ్మా."

"రెండూనూ బాబూ. ఆడు నా తోడబుట్టినోడు. నా గుంటని, కన్నకూతుర్ని, ఆడికే ఇచ్చీసినాను."

ఫరూఖ్ పెన్ను ఆగిపోయింది. అతనికి నవ్వు ఆగలేదు. "మాలో చిన్నాన్న కూతురినైనా చేసుకుంటారు గానీ మేనమామకి ఇవ్వడం ఉండదు మేడం. ఆ పాప అతన్ని మామయ్యా అంటుందా, ఏమండీ అంటుందా?"

"మావా అంతాది. ఎలగైనా అదే కదేటి," అంది పైడితల్లి, ఇందులో వింతేముందో అర్థంకాక.

"మా వైపు మామూలే ఫరూఖ్," అంది కాంతిమతి. "నేను మాత్రం మా మేనమామ కొడుకుని చేసుకోలేదూ?" అని, రబ్బరు చెవిని ఆమె చేతిలో పెట్టింది. ఆ మాట తన నోటితో తనే అని, అందులో ఏముందో అప్పటికీ చూసుకోలేదు.

పైడితల్లి చెవిని అటూ ఇటూ తిప్పి చూసింది. దీంతో ఏం చేస్తారని అడిగింది. చెప్పడం కంటే వినిపించడం తేలికని కాంతిమతి ఆ తీగ ఆమె చెవుల్లో పెట్టింది. వినేది ఎవరైనా కళ్లు మూసుకోమని చెప్పడం అలవాటు కాబట్టి అలాగే చెప్పి, దోమను వదిలింది.

పైడితల్లి తన ఎడమ కణత మీద ఛెళ్లున కొట్టుకుంది.

"ఓలమ్మ, ఇంత సల్లటి గదిలో దోమలేటమ్మా," అంటూ వెంటనే చెయ్యి మెడ వెనక్కి వేసి అక్కడా ఒకటి కొట్టింది.

ఫరూఖ్ తెర వైపు చూశాడు. కాంతిమతి కూడా చూసింది. ఎర్రచుక్క కణత దగ్గర మొదలై మెడ వెనక్కి వచ్చి ఆగి ఉంది. మళ్లీ వేరే దారిలో తిప్పారు. పైడితల్లి వదల్లేదు. తమ్ముడు ఎలా తరిమాడో అలాగే తరిమింది.

ఆమెకి టీ ఇచ్చి బయట కూర్చోబెట్టాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"లక్షల్లో ఒకటి అన్నాం కదా మేడం," అన్నాడు ఫరూఖ్ మెల్లగా.

"ఆ లక్షలు ఎక్కడివి?"

అది ఇద్దరికీ తెలుసు. కాలేజీల నుంచి, ఆఫీసుల నుంచి, రైల్వే స్టేషన్ నుంచి వేలమంది చెవులు కొలిచి ఆ లెక్క కట్టారు. అప్పుడు కాంతిమతి ఒక నియమం పెట్టింది. ఒకే ఇంటి వాళ్లని ఇద్దరిని తీసుకోవద్దు, చుట్టాలైతే అసలు వద్దు, లెక్క కలుషితమవుతుంది అంది. విదేశీ పుస్తకాల్లో అలాగే రాసి ఉంది. ఆ పుస్తకాలు రాసినవాళ్లకి మేనరికం అంటే తెలియదు. ఆమెకి తెలుసు. ఇంట్లో బావా అని పిలిచి, ఆఫీసుకొచ్చి ఆ సంగతి గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలేసింది. తరతరాలుగా అక్క కూతుర్ని తమ్ముడు, మేనత్త కొడుకుని మరదలు చేసుకుంటూ పోతే ఆ ఆరు బుడిపెలు మళ్లీ మళ్లీ ఒకేలా కలుస్తాయి. అచ్చుగుద్దినట్టు కాకపోవచ్చు. దోమను పట్టుకోవడానికి చాలు.

"ఒక్కావిడే కదా మేడం," అన్నాడు ఫరూఖ్. అతను చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. "వచ్చే నెల రాష్ట్రమంతా యంత్రాలు పంపిస్తున్నారు. ఇప్పుడు మనం నోరెత్తితే మళ్లీ ఎవరూ మన మాట నమ్మరు. ముందున్న నాలుగు కేసులూ తిరగదోడతారు."

"తిరగదోడాలి."

"మీ పదకొండేళ్ల పని."

కాంతిమతికి కోపం వచ్చింది, అతనిమీద కాదు. పదకొండేళ్ల పని అన్నది ఆమెకి కూడా నోటిదాకా వచ్చిన మాటే. కిటికీలోంచి చూస్తే పైడితల్లి టీ గ్లాసు కడిగి బోర్లించి, కొంగు సర్దుకుంటూ కూర్చుని ఉంది. వారం తిరక్కుండా ఆమె తమ్ముడికి, అల్లుడికి, ఒకే మనిషికి, ఒకే శిక్ష పడుతుంది. అది తన నోటిమాట మీద పడుతుంది.

"సామాను సర్దు," అంది. "ఆమెతో పాటే వెళ్దాం."

దూదిపేటలో రెండే వీధులు. ఒకప్పుడు నాలుగు కుటుంబాలు ఎక్కడినుంచో మగ్గాలు మోసుకొచ్చి అక్కడ దిగాయట. ఇప్పుడున్న వాళ్లంతా ఆ నాలుగు ఇళ్ల సంతానమే. పిల్లని బయటకి ఇవ్వరు, బయటినుంచి తెచ్చుకోరు. పొరుగూరి పిల్ల వస్తే మగ్గం చప్పుడుకి నిద్రపట్టదని ఒక ముసలాయన కారణం చెప్పాడు. నిజంగానే ఊళ్లోకి అడుగుపెట్టగానే అన్ని ఇళ్లలోంచీ టకటకమని ఒకటే చప్పుడు. కాంతిమతికి అది నాలుగు వైపులనుంచీ వస్తోందో, ఒకే వైపునుంచి వస్తోందో తెలియలేదు.

సోమలింగం కోసమని పైడితల్లి గడపగడపకీ తిరిగి చెప్పింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. నేత సంఘం వాళ్ల హాల్లో జనం చాపలమీద కూర్చున్నారు. ముసలివాళ్లు, కొత్త కోడళ్లు, బడి ఎగ్గొట్టిన సంబరంలో పిల్లలు. ఫరూఖ్ ఒకే పెట్టెలోంచి తీగలు పాయలు పాయలుగా తీసి జనం చెవులకి అమర్చి, ఒక మూల వీడియో కెమెరా నిలబెట్టాడు. ఉన్న తీగలు నలభై మందికే సరిపోయాయి. మిగతావాళ్లు తమ వంతు కోసం గోడవారన నిలబడ్డారు.

"కొట్టొద్దు," అంది కాంతిమతి. ఒకరినొకరు కొట్టుకుంటారని ఆమె భయం. "కళ్లు మూసుకుని, దోమ ఎటుంటే అటు తల తిప్పండి. చాలు."

ఆమె మీట నొక్కింది.

నలభై తలలు ఒక్కసారిగా ఎడమవైపు తిరిగాయి.

ఎవరూ ఎవరినీ చూడటం లేదు. అందరి కళ్లూ మూసే ఉన్నాయి. దోమ పైకి లేచింది, నలభై గడ్డాలు పైకి లేచాయి. దోమ నెమ్మదిగా కుడివైపుకి జారింది, ఆ మొహాలన్నీ దానితో పాటు జారాయి, గాలికి వరిచేను వాలినట్టు. చూపు పోయిన ఒక తాత తిరిగాడు. పక్కన కూర్చున్న మునిమనవరాలు తిరిగింది. పైడితల్లి కూతురు నరసమ్మ ఒడిలో సోమలింగం కూతురుంది, ఏడాది నిండిన పిల్ల. దాని చిన్న చెవులకు తీగ పట్టక ఫరూఖ్ చేత్తో పట్టుకున్నాడు. ఆ పిల్ల కళ్లు విప్పార్చి, తనకి మాత్రమే కనిపిస్తున్న దాన్ని, తల్లి తల ఎటు తిరిగితే అటే, ఎవరూ చెప్పకుండానే, చూపుతో వెంటాడింది.

హాల్లో చిన్న చప్పుడు కూడా లేదు. దోమ వాళ్ల చెవుల్లో తప్ప ఎక్కడా లేదు. ఎప్పుడో చనిపోయిన ఎవరో ముత్తవ్వ, పేరు కూడా ఎవరికీ గుర్తులేని మనిషి, తన చెవిని వీళ్లందరికీ ఇచ్చి వెళ్లింది. వాన ఎటునుంచి వస్తోందో, పాము ఏ మూల బుసకొట్టిందో, బిడ్డ ఎక్కడ ఏడుస్తోందో ఆమె ఎలా విన్నదో ఇప్పుడు వీళ్లూ అలాగే వింటున్నారు. కాంతిమతికి సిగ్గేసింది, భయమేసింది, అన్నిటికీ మించి దండం పెట్టాలనిపించింది. ఇంత గొప్పదాన్ని చేతిలో పెట్టుకుని, ఒక మనిషిని బోనులో నిలబెట్టడానికి తప్ప మరెందుకూ వాడలేదు తను. కళ్లనీళ్లు తుడుచుకోకుండానే మీట ఆపేసింది.

జనం కళ్లు తెరిచారు. పక్కవాళ్లు కూడా తమలాగే తల తిప్పి ఉండటం అప్పుడు చూసుకున్నారు. తర్వాత పిల్లలు నవ్వారు.

"మరి ఎవులమ్మా షావుకారి తలుపుకి సెవెట్టింది?" అని అడిగాడు గోడవారనున్న ఒక నడివయసు మనిషి.

"యంత్రానికి తెలీదండీ. ఈ పేటలో పుట్టినవాళ్లు ఎవరైనా కావచ్చు. ఎప్పుడో ఊరొదిలి వెళ్లిపోయినవాళ్లయినా కావచ్చు. మళ్లీ మొదటినుంచీ వెతుక్కోమని పోలీసులకి చెబుతాను."

కాంతిమతి తనంతట తానే మళ్లీ సాక్ష్యం ఇస్తానని కోర్టుకి రాసుకుంది. అది పై అధికారులకి నచ్చలేదు. రాష్ట్రమంతా పంపవలసిన యంత్రాలు గోడౌనులోనే ఉండిపోయాయి. ముందటి నాలుగు కేసులూ తిరిగి చూడాలని ఆమే కాగితం పెట్టింది. ఆ వార్త బయటికొచ్చాక టీ కొట్టు మనిషి ఆమెను దోమల మేడం అనడం మానేశాడు. ఆ పిలుపు పోయినందుకు ఆమెకి ఎందుకో బాధ కలిగింది.

దూదిపేటలో తీసిన వీడియోను జడ్జిగారు రెండుసార్లు చూశారు. రెండోసారి చూస్తున్నప్పుడు కోర్టు గుమాస్తా కూడా రాయడం ఆపేశాడు.

"అయితే మీ యంత్రం తప్పంటారా?" అని ప్రభుత్వ వకీలు చిరాగ్గా అడిగాడు.

"అది వినిపించిందంతా నిజమేనండీ. అలాంటి చెవి ఇంకొకరికి ఉండదని చెప్పింది నేను. నేను చెప్పింది తప్పు."

మిగతా ఆధారం ఏదీ లేదు కాబట్టి జడ్జిగారు సోమలింగాన్ని విడిచిపెట్టారు. పైడితల్లి అక్కడే కూలబడి ఏడ్చింది. అతని వకీలు అందరితో కరచాలనం చేశాడు. సోమలింగం మాత్రం తనని కానిస్టేబుల్ వదిలేసినా ఇంకా అతని పక్కనే నడుస్తున్నాడు.

కోర్టు వరండాలో అతను కాంతిమతిని వెతుక్కుంటూ వచ్చాడు. కుడిపక్కనుంచి పిలిచాడు కాబోలు, ఆమె ఎడమవైపు చూసింది. పైడితల్లి వచ్చి భుజం తట్టింది.

"అమ్మా, ఇప్పుడు మిసను ఏటంతంది?" అన్నాడు సోమలింగం. "నానెల్లనేదంతందా?"

"అలా కూడా చెప్పదు సోమలింగం. దానికి తెలీదు."

అతని మొహం వాడిపోయింది. "మరి ఎవులికి తెలుసునమ్మా?"

కోర్టు అతన్ని వదిలేసింది గానీ అతన్ని అతనే వదిలిపెట్టలేదని కాంతిమతికి అప్పుడు తెలిసింది. ఇంటికెళ్లినా, మగ్గం ముందు కూర్చున్నా, బిడ్డనెత్తుకున్నా, వెళ్లే ఉంటానేమో అనుకుంటూనే బతుకుతాడు. ఆమె అతన్ని వరండా చివరికి తీసుకెళ్లి బల్లమీద కూర్చోబెట్టి, అతని కుడిపక్కకి వచ్చి తనూ కూర్చుంది.

"నాకు ఈ ఎడమచెవి ఒక్కటే వినిపిస్తుంది. నెమ్మదిగా చెప్పు. ఆ రాత్రి నువ్వెక్కడున్నావు?"

"ఇంటికాడ."

"ఏం చేస్తున్నావు?"

"నరసికి జొరం, మందేసుకుని పడుకుంది. గుంటకీ జొరమే. దించితే ఏడుస్తాది. భుజమ్మీదేసుకుని తిప్పుతున్నాను." అతను ఆగాడు. "అది ఆ రేత్రో ముందు రేత్రో అని తర్వాత సందేహమొచ్చీసినాదమ్మా. పోలీసోళ్లు అడిగి అడిగి, ఆఖరికి మిసనూ సెప్పీసరికి."

"అప్పుడేం వినిపించింది నీకు?"

ఆ ప్రశ్న అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సోమలింగం కళ్లు మూసుకున్నాడు. ప్రయోగశాలలో తువ్వాలు కట్టుకుని కూర్చున్నట్టే కదలకుండా కూర్చున్నాడు.

"కేక," అన్నాడు.

"ఎవరిది?"

"షావుకారిది. ఓపాలే. గుంట ఉలిక్కిపడి నా మెడ పట్టీసుకుంది." అతని తల నెమ్మదిగా వెనక్కి, పైకి, కుడివైపుకి తిరిగింది. చెయ్యి లేచి, గోడని దాటి, ఇళ్లకప్పుల్ని దాటి ఎక్కడో దూరాన ఉన్న చోటుని చూపించింది. "అక్కణ్ణించి. మా ఎనక ఈది ఇళ్ల మీదుగా, దూరంగా వచ్చినాదమ్మా. నాను మా గుమ్మంలో ఉన్నాను. గుంట నా భుజం మీదుంది."

కళ్లు తెరిచాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. దానివైపు తనే ఆశ్చర్యంగా చూసుకున్నాడు.

"నానెల్లనేదు," అన్నాడు.

తర్వాత లేచి, అప్ప దగ్గరికి వెళ్లి చెప్పాడు. అటుగా పోతున్న కానిస్టేబుల్‌ని ఆపి చెప్పాడు. ఎవరో తెలియని కక్షిదారులకి చెప్పాడు. టీ కొట్టు దాకా వెళ్లి, గొంతు పెద్దది చేసి, అక్కడున్న అందరికీ చెప్పాడు.

"నానెల్లనేదు బావూ. ఆ రేత్రి నాను నా గుంటనెత్తుకుని ఉన్నాను."